కంట్లో స్టెరాయిడ్: సూది తర్వాతి నెలలు

షుగరు ముదిరి రెటీనా నడిమధ్యన నీరు చేరినప్పుడు చూపు ఒక్కసారిగా పోదు. ఎదుటి మనిషి ముఖంలో కళ్లూ ముక్కూ కలిసిపోతాయి. బస్సు మీద రాసిన ఊరి పేరు అది పక్కకొచ్చి ఆగేదాకా తెలియదు. మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు తెగిన పోగు కనపడదు. ఈ వాపు మీద స్టెరాయిడ్ పనిచేస్తుంది. కంటి లోపలి గుజ్జులోకి నేరుగా మందు వేస్తే చాలామందికి రోజుల్లోనే వాపు దిగి చూపు తేటపడుతుంది. రెటీనా రక్తనాళం మూసుకుపోయినవారికి, కంటి లోపలి పొరలు మంటెక్కే యువియైటిస్ ఉన్నవారికి కూడా ఇదే మందు అక్కరకొస్తుంది. ఇందులో వివాదం లేదు.

వివాదమంతా ఆ తర్వాత జరిగేదాని గురించే. నలభై ఏళ్లకు పైగా పోగైన అనుభవాన్ని, అధ్యయనాలను ఒకచోట పెట్టుకుని చూస్తే నాకు తేలింది ఇది: ఈ మందు చేసే కీడులో ఎక్కువ భాగం ముందే తెలిసినదే, వేళకు పట్టుకుంటే సరిదిద్దగలిగినదే. దాన్ని కోలుకోలేని నష్టంగా మార్చేది మధ్యలో తప్పిపోయిన పరీక్ష. పశ్చిమ కర్నూలులో, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల, ఆ పరీక్ష ఎందుకు తప్పిపోతుందో లెక్కలోకి తీసుకోకుండా ఈ మందు మంచిచెడ్డలు తూచలేం.

ఆదోనిది పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లుల బతుకు. ఎమ్మిగనూరుది మగ్గం బతుకు. మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరి పేరు దేశానికి తెలిసింది. రెండూళ్ల మధ్య ముప్ఫై కిలోమీటర్ల దూరం. కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ నేత్ర వైద్యశాలకు ఎమ్మిగనూరు నుంచి డెబ్బై, ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. ఆదోనికి రైలుంది, ఎమ్మిగనూరుకు బస్సే దిక్కు. కళ్లజోడుకు, శుక్లం ఆపరేషనుకు దగ్గర్లోనే దారి దొరకొచ్చు. రెటీనా దాకా వచ్చిందంటే మాత్రం కర్నూలో, బళ్లారో, రాయచూరో, కాదంటే హైదరాబాదో బెంగళూరో పోవాల్సిందే. సూది ఒక ఊళ్లో పడుతుంది. దాని ఫలితం, కీడు రెండూ ఇంకో ఊళ్లో బయటపడతాయి.

ఈ కీడు గురించి వైద్యులకు ఎప్పటినుంచి తెలుసో చూడాలి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతపు రోగికి కార్టిసోన్ ఇచ్చింది. 1950లో హెంచ్‌తో పాటు ఎడ్వర్డ్ కెండాల్, టాడియస్ రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దశకంలోనే స్టెరాయిడ్ వాడినవారిలో కంటి ప్రెజర్ పెరుగుతోందని వార్తలు మొదలయ్యాయి. 1960లలో అర్మాలీ, బెకర్ అనే ఇద్దరు పరిశోధకులు విడివిడిగా, మామూలు ఆరోగ్యవంతులకు కొన్ని వారాలు స్టెరాయిడ్ చుక్కలు వేసి చూశారు. దాదాపు మూడోవంతు మందిలో ప్రెజర్ ఒక మోస్తరుగా పెరిగింది. నూటికి నలుగురైదుగురిలో బాగా పెరిగింది. అప్పటికి కంటి గుజ్జులోకి స్టెరాయిడ్ సూది వేయడమన్నది వాడుకలోనే లేదు. 1970ల చివర రాబర్ట్ మాకెమర్ ఆ దారి తొక్కాడు. రెటీనా ఊడిన కళ్లలో మచ్చకట్టే కణాలు పెరగకుండా ఆపడానికి, మెల్లగా కరిగే ట్రయామ్సినోలోన్ స్ఫటికాలను ఎంచుకున్నాడు. 2000 తర్వాత జర్మనీలో యోనాస్, అమెరికాలో మార్టిడిస్ లాంటివారు షుగరు వాపుకు ఈ సూదిని వాడి ఫలితాలు ప్రకటించాక ప్రపంచమంతా అందుకుంది.

మన దేశంలో అప్పుడు చేతికందిన మందు కీళ్లలోకి, కండలోకి ఇవ్వడానికి తయారైన సీసా. అందులో చెడిపోకుండా కలిపే రసాయనం కంటి కోసం ఉద్దేశించింది కాదు. తర్వాత మదురైలోని ఆరోల్యాబ్ ఆ రసాయనం లేని ట్రయామ్సినోలోన్‌ను ఆరోకార్ట్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. ఇది చిన్న విషయంలా కనిపించినా కాదు. దక్షిణాదిలో పేదవాడి కంట్లోకి వెళ్లే మందు, కంటి కోసమే తయారైన మందు కావడం అప్పటినుంచే సాధ్యపడింది.

స్ఫటికాల తర్వాత బిళ్లలొచ్చాయి. 2005లో అమెరికా అనుమతి పొందిన రెటిసర్ట్‌ను ఆపరేషన్ చేసి కంట్లో కుట్టాలి. ఫ్లూసినోలోన్ అనే స్టెరాయిడ్‌ను అది రెండున్నరేళ్ల పాటు వదులుతుంది. 2009లో వచ్చిన ఓజుర్డెక్స్‌లో 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఉంటుంది. ఆరు మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి పుల్లను సూదితోనే లోపలికి పంపుతారు. అది దానంతటదే కరిగిపోతుంది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. 2014లో అమెరికాలో షుగరు వాపుకు అనుమతి పొందిన ఇలూవియన్ ఒక్కసారి వేస్తే మూడేళ్లు మందు వదులుతూనే ఉంటుంది.

ఇక కీడులో మొదటిది, అన్నిటికంటే పెద్దది ప్రెజర్. కంటి ముందు భాగంలో ఎప్పటికప్పుడు ఊరే నీరు, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోవాలి. స్టెరాయిడ్ తగిలితే ఆ కణజాలంలో ప్రోటీన్లు పేరుకుంటాయి. చెత్తను మింగే కణాలు మందగిస్తాయి. చెరువు తూముకు ఒండ్రు పట్టినట్టు నీరు ఆగిపోతుంది. లోపలి ఒత్తిడి మామూలుగా పాదరసం కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్లు ఉండాలి. అది ముప్ఫై, నలభై దాటొచ్చు. వెనకనున్న దృష్టినాడి తీగలు ఆ ఒత్తిడికి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అదే గ్లకోమా, మన పల్లెల్లో నీటికాసులు. పోయిన తీగ తిరిగి రాదు. చాలామందికి నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. పైగా వాపు దిగి నడిమి చూపు బాగుపడుతున్న రోజుల్లోనే అంచుల చూపు అరుగుతుంటుంది. "బాగనే కనపడతాంది గదా సార్, మల్లా ఎందుకు పోవల్ల?" అని రోగి అడిగితే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. బాగా కనపడుతున్న ఆ నెలలోనే ప్రమాదం ఉందని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పకపోతే తెలిసే విషయం కాదది.

ఎంతమందికి? 2004లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలనలో 4 మిల్లీగ్రాముల ట్రయామ్సినోలోన్ వేసిన కళ్లలో నూటికి నలభై దాకా 24 లేదా అంతకు మించిన ప్రెజర్‌కు చేరాయి. అక్కడికి చేరడానికి సగటున నూరు రోజులు పట్టింది. నూరు రోజులన్న ఆ సంఖ్యే నాకు ఈ సమీక్ష మొత్తంలో అన్నిటికంటే విలువైనది. సూది వేసిన వారానికి చూసి అంతా బాగుందని పంపేస్తే అసలు సంగతి ఇంకా మొదలే కానట్టు.

2009లో ఫలితాలు వెలువడిన స్కోర్ అధ్యయనం మరో సంగతి తేల్చింది. రెటీనా ప్రధాన సిర మూసుకుపోయినవారిని మూడు జట్లు చేశారు. మందు లేకుండా గమనించిన జట్టులో ఏడాదికి చూపు బాగా మెరుగుపడినవారు నూటికి 7 మంది. ఒక మిల్లీగ్రాము వేసినవారిలో 27 మంది, నాలుగు మిల్లీగ్రాములు వేసినవారిలో 26 మంది. లాభం సమానం. ప్రెజర్ చుక్కలు అవసరమైనవారు మాత్రం వరుసగా 8, 20, 35. మోతాదు నాలుగింతలు చేస్తే లాభం పెరగలేదు, కీడు పెరిగింది. ఎక్కువ మందు వేస్తే ఎక్కువ గుణమన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని ఈ అంకెలు నిలబడనివ్వవు.

బిళ్లల్లోనూ ఇదే తీరు. షుగరు వాపు మీద మూడేళ్లు సాగిన మీడ్ అధ్యయనంలో ఓజుర్డెక్స్ పొందినవారిలో నూటికి 41 మందికి పైగా ప్రెజర్ చుక్కలు వాడాల్సి వచ్చింది. అయినా ఆపరేషన్ దాకా పోయినవారు నూటికి ఒక్కరి కంటే తక్కువ. మూడేళ్లుండే ఇలూవియన్‌తో గ్లకోమా ఆపరేషన్ నూటికి ఐదుగురికి దగ్గరగా కావాల్సి వచ్చింది. రెటిసర్ట్‌తో మూడేళ్లలో మూడోవంతుకు పైగా కళ్లకు ఆపరేషనే గతి అయింది. మందు కంట్లో ఎంతకాలం ఉంటే మూల్యం అంత. ఓజుర్డెక్స్ విషయంలో ప్రెజర్ రెండో నెలకు శిఖరానికి చేరి, మందు అయిపోతుండగా మెల్లగా దిగుతుంది. ఆ రెండు మూడు నెలలు చుక్కలతో కాచుకుంటే కన్ను గట్టెక్కుతుంది. కాచుకునే మనిషి రోగికి అందుబాటులో ఉన్నప్పుడే ఈ మాట నిజం.

ఎవరికి పెరుగుతుందో కొంతవరకు ముందే పసిగట్టవచ్చు. ఇప్పటికే గ్లకోమా ఉన్నవారు, ఇంట్లో తల్లికో అన్నకో ఉన్నవారు, షుగరున్నవారు, పెద్ద మైనస్ అద్దాలున్నవారు, పిల్లలు. ఇక్కడే మన రాష్ట్రపు పాత లెక్క ఒకటి అడ్డొస్తుంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షించింది. ఆ అధ్యయనంలోని హైదరాబాదు భాగంలో గ్లకోమా తేలినవారిలో పదికి తొమ్మిది మందికి పైగా అప్పటిదాకా ఆ జబ్బుందనే తెలియదు. నగరంలో పరిస్థితి అది. కోసిగిలోనో కౌతాళంలోనో ఉన్న మనిషిని "మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులున్నాయా?" అని అడిగితే లేవన్న జవాబే వస్తుంది. ఆ జవాబును నమ్మి సూది వేయడానికి లేదు. ప్రెజర్ కొలిచి, దృష్టినాడిని చూసి మరీ వేయాలి.

ఎవరికి ప్రెజర్ పెరుగుతుందన్నదానికి జవాబు దొరికే చోటు ఇంకొకటుంది, మెడికల్ షాపు. పత్తి దుమ్ము, ఎండ, గాలి ఉన్న ఈ నేలలో దురద కళ్ల పిల్లలు చాలామంది కనపడతారు. ఒకసారి ఎవరో రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కల సీసా ఖాళీ అయితే, దాన్నే తీసుకెళ్లి చూపించి మళ్లీ మళ్లీ కొనుక్కుంటారు. ఎల్.వి. ప్రసాద్ సంస్థ వైద్యులు ఇలాంటి అలర్జీ కళ్లున్న 4062 మంది వివరాలు తీసి 2020లో ప్రచురించారు. వారిలో నూటికి ఇద్దరికి పైగా స్టెరాయిడ్ వల్ల గ్లకోమా వచ్చింది. ఎక్కువమంది చిన్న వయసువాళ్లే, చూపు అప్పటికే చాలా పోగొట్టుకుని వచ్చినవాళ్లు వారిలో ఉన్నారు. ఇది సూది కథ కాదు, చుక్కల కథ. కానీ సూదికి పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. చుక్కలతో ప్రెజర్ పెరిగిన మనిషి కంట్లోకి మూడేళ్లుండే బిళ్ల పంపకూడదు. ఇలూవియన్‌కు అమెరికా ఇచ్చిన అనుమతిలోనే ఆ షరతుంది. ముందు ఒకసారి స్టెరాయిడ్ వాడి, ప్రెజర్ చెప్పుకోదగ్గంత పెరగనివారికే అది వేయాలి. అందుకే పాత చుక్కల సీసాలను, చీటీలను డాక్టరు దగ్గరికి పట్టుకుపోవడం చాదస్తం కాదు.

రెండో కీడు శుక్లం. మీడ్ అధ్యయనంలో, సహజమైన కటకం ఉన్న కళ్లలో నూటికి 68 దాకా శుక్లం వచ్చింది. మందు లేని జట్టులో 20. ఇలూవియన్ జట్టులో నూటికి 80 కళ్లకు మూడేళ్లలో శుక్లం ఆపరేషన్ జరిగింది. వైద్య పత్రికలు దీన్ని తేలిగ్గా దాటిపోతాయి. శుక్లం తీసేయవచ్చు, కొత్త కటకం పెట్టవచ్చు కదా అన్నది వారి లెక్క. ఆ లెక్క సగమే ఒప్పుకుంటాను. స్టెరాయిడ్ తెచ్చే శుక్లం కటకం వెనక పొర మధ్యలో కడుతుంది. అది ఎండలో కళ్లు చెదరగొడుతుంది, దగ్గరి చూపును ముందు తీసుకుంటుంది. పత్తి చేనులో కూలికి ఎండే పని, నేత మనిషికి దగ్గరి చూపే కూడు. ముసలితనపు శుక్లం పదేళ్లకు తెచ్చే కష్టాన్ని ఈ శుక్లం కొద్ది నెలల్లో తెస్తుంది. ఆపరేషన్ దాకా ఆ ఇల్లు ఎలా గడవాలన్నది ఏ అధ్యయనపు పట్టికలోనూ ఉండదు. అందుకే ఇప్పటికే శుక్లం తీసి కటకం పెట్టిన కళ్లకు ఈ మందు ఎక్కువ నప్పుతుందన్న వైద్యుల మాటను గట్టిగా సమర్థిస్తాను. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో అలాంటి కళ్లలో ట్రయామ్సినోలోన్‌తో కలిపిన లేజర్, స్టెరాయిడ్ కాని, ఖరీదైన రానిబిజుమాబ్ సూదులకు దీటుగా నిలిచింది.

చీము పట్టడం అరుదు, కానీ రోజుల్లో కన్ను తీసుకుపోతుంది. తొలినాళ్ల ట్రయామ్సినోలోన్ వాడకం మీద 2003లో వచ్చిన నివేదికలో 922 సూదులకు 8 కళ్లకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. శుభ్రత పద్ధతులు మెరుగయ్యాక కంటి సూదులన్నిటికీ కలిపి అది వేలల్లో ఒకటికి దిగింది. స్టెరాయిడ్‌తో ఉన్న ప్రత్యేక చిక్కు ఏమిటంటే, అది మంటను, నొప్పిని అణచిపెడుతుంది. ఇన్‌ఫెక్షన్ వచ్చిన కన్ను కూడా పెద్దగా నొప్పి పెట్టకపోవచ్చు. దీనికి తలకిందులుగా, ట్రయామ్సినోలోన్ తెల్లటి పొడి నల్లగుడ్డు వెనక పేరుకుని చీములా కనపడి బెదరగొట్టడమూ ఉంది. ఏది ఏదో సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి చూడాలే తప్ప ఫోన్లో చెప్పే విషయం కాదు. సూది పడ్డ వారం లోపల చూపు మసకబారితే, నొప్పి లేకపోయినా అదే రోజు వెళ్లాలి. 2016లో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్లయిన 13 మందికి, ఆపరేషన్లో వాడిన ద్రవం ద్వారా ఇన్‌ఫెక్షన్ సోకి కొందరి చూపు పోయిన సంగతి తెలుగువాళ్లకు గుర్తే. అది స్టెరాయిడ్ కేసు కాదు. కంట్లోకి పోయే ఏ సీసా అయినా ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పడానికి మాత్రం అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

చీము పట్టిన కంటికి మందుగా స్టెరాయిడ్‌నే వాడితే? ఈ ప్రశ్నకు హైదరాబాదులోనే పరీక్ష జరిగింది. తారాప్రసాద్ దాస్, సుభద్రా జలాలీ బృందం 63 మంది రోగుల మీద చేసిన పరిశోధన 1999లో అచ్చయింది. యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ కూడా కంట్లో వేస్తే మంట తొందరగా తగ్గింది. చివరికి మిగిలిన చూపులో మాత్రం తేడా రాలేదు. పాతికేళ్ల కిందటి చిన్న అధ్యయనమే అయినా దీని పాఠం ఇవాళ్టికీ చెల్లుతుంది. వాపు తగ్గడం వేరు, చూపు దక్కడం వేరు.

దాగి ఉన్న జబ్బులను నిద్రలేపడం ఇంకో కీడు. కంటి లోపలి మంటకు కారణం క్షయ అయినా, టాక్సోప్లాస్మా అయినా, హెర్పిస్ జాతి వైరస్ అయినా స్టెరాయిడ్ ఒక్కటే వేస్తే అది విజృంభిస్తుంది. రోగనిరోధక శక్తి బాగున్నవారిలో సైతం ట్రయామ్సినోలోన్ తర్వాత వైరస్ రెటీనాను తినేసిన సందర్భాలు నమోదయ్యాయి. క్షయ ఇంకా ఇంటింటి జబ్బుగా ఉన్న దేశంలో, యువియైటిస్‌కు సూది వేసే ముందు ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్ష అడిగితే అది అనవసరపు ఖర్చు కాదు. ఇక ఒత్తిడిలో ఉన్న నడివయసు మగవాళ్లలో ఎక్కువగా కనిపించే సెంట్రల్ సీరస్ అనే జబ్బులోనూ రెటీనా నడిమధ్య కింద నీరు చేరుతుంది. చూడటానికి షుగరు వాపుకు చుట్టంలా ఉంటుంది గానీ, స్టెరాయిడ్ దాన్ని పెంచుతుంది. స్కాన్ తీయకుండా గుడ్డిగా సూది వేయకూడదనడానికి అదొక్కటి చాలు.

బిళ్ల జారిపోవడం ఓజుర్డెక్స్‌తో ఉన్న ఇంకో ఆపద. కటకం వెనక సంచి చిరిగి ఉన్నా, కటకమే లేకపోయినా ఆ పుల్ల వెనక గది నుంచి ముందుకు దాటుతుంది. నల్లగుడ్డు లోపలి పొరను రాచి దాన్ని నీరుపట్టిస్తుంది. వెంటనే తీయకపోతే నల్లగుడ్డు మార్పిడి దాకా పోవచ్చు. పడమటి మండలాల్లో దీనికి అర్థముంది. వెనకటి కంటి క్యాంపుల్లో కటకాన్ని సంచీతో సహా తీసేసి, సోడాబుడ్డి అద్దాలిచ్చి పంపిన ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. తర్వాతి కాలంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ సంచి చిరిగిన సంగతి డిశ్చార్జి కాగితం మీదే ఉంటుంది, రోగికి ఎవరూ చెప్పరు. ఆ కాగితం వానకు తడిసో, ట్రంకుపెట్టెలో చెదలు తినో పోతుంది. కాగితం లేకపోయినా, కన్ను బాగా విప్పారేలా చుక్కలు వేసి ఆ సంచిని కళ్లారా చూసుకున్నాకే బిళ్ల వేయడం వైద్యుడి పని.

ఇంత చెప్పాక ఈ మందు వద్దే వద్దనిపించవచ్చు. అది నా ఉద్దేశం కాదు. 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్‌తో స్టెరాయిడ్ అన్న మాటకే జనం బెదిరిపోయారు. అక్కడ మందు ఒళ్లంతా పాకింది, షుగరు అదుపు తప్పింది. కంట్లో వేసే పిసరంత మందు షుగరును అలా ఎగదోయదు. మాత్రలు పడని యువియైటిస్ రోగికి ఇది ఆదుకునే దారి. ఆ విషయంలోనూ తొందరపడి తీర్పు చెప్పలేం. 255 మందిని రెటిసర్ట్, మాత్రలు అని రెండు జట్లు చేసి చూసిన మస్ట్ అధ్యయనంలో రెండేళ్లకు చూపు రెండు జట్లలోనూ సమానంగా ఉంది. ఏడేళ్లకు మాత్రల జట్టే దాదాపు ఏడు అక్షరాలు ఎక్కువ చదవగలిగింది. షుగరు వాపు మీద 2008లో వచ్చిన అమెరికా అధ్యయనమూ అంతే. నాలుగో నెలలో 4 మిల్లీగ్రాముల ట్రయామ్సినోలోన్ ముందుంది, రెండేళ్లకు పాత లేజరే గెలిచింది. 2018లో వచ్చిన మరో అధ్యయనంలో, రానిబిజుమాబ్‌కు లొంగని వాపుకు డెక్సామెథసోన్ బిళ్ల జతచేస్తే స్కాన్‌లో వాపు తగ్గింది. చూపు సగటున పెరగలేదు. నూటికి 29 కళ్లకు ప్రెజర్ మాత్రం పెరిగింది.

అయినా మన ప్రాంతంలో స్టెరాయిడ్ వైపు మొగ్గు ఎందుకుంది? దానికి చెప్పే కారణం వినడానికి సబబుగానే ఉంటుంది. స్టెరాయిడ్ కాని బెవాసిజుమాబ్ లాంటి సూదులు మొదట నెలనెలా కావాలి. దూరాన ఉన్న పేదవారు నెలనెలా రాలేరు. కాబట్టి మూడు నాలుగు నెలలు పనిచేసే స్టెరాయిడ్ వారికి అనుకూలం. ఈ వాదన సగం దూరమే నడుస్తుంది. నెలనెలా సూదికి రాలేని మనిషి నెలనెలా ప్రెజర్ చూపించుకోవడానికి మాత్రం ఎలా వస్తాడు? బెవాసిజుమాబ్ సూది తప్పితే వాపు తిరిగి వస్తుంది, మళ్లీ వేస్తే చాలావరకు దిగుతుంది. స్టెరాయిడ్ తర్వాతి పరీక్ష తప్పితే నాడి పోతుంది, ఇక రాదు. దూరమే స్టెరాయిడ్‌కు కారణమైతే, ఆ దూరమే దానికి పథ్యం కూడా కావాలి. ఇటీవల గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, గర్భిణులు, గుజ్జు తీసేసే ఆపరేషన్ అయినవారు, కటకం మార్చినవారు, వీరికి స్టెరాయిడ్ ఎంచుకోవడానికి వైద్యపరమైన కారణాలున్నాయి. బస్సు చార్జీ ఒక్కటే కారణమైతే మాత్రం ప్రెజర్ పరీక్ష ఎక్కడ, ఎవరు చేస్తారో తేల్చుకున్న తర్వాతే సూది తీయాలి.

దీనికి సుగ్గి, అంటే కోతల కూలికి వలసపోవడం, తోడవుతుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు పల్లెల నుంచి పంటలు చేతికి రాని ఏడాది, కొన్నిచోట్ల ఏటా, కుటుంబాలకు కుటుంబాలే ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరప కోతలకు పోతాయి. పత్తి తీత ముగిశాక బయలుదేరి ఎండలు ముదిరాక తిరిగొస్తాయి. పత్తి డబ్బు చేతికొచ్చిన నవంబరు, డిసెంబరుల్లోనే కంటి వైద్యానికి పోయే వీలు కలుగుతుంది. డిసెంబరులో సూది వేయించుకున్న మనిషికి ప్రెజర్ శిఖరానికి చేరేది ఫిబ్రవరి, మార్చిల్లో. ఆ రోజుల్లో అతనుండేది మిరప చేను గట్టు మీది గుడారంలో. డాక్టరు చీటీలో రాసిన "ఆరు వారాల తర్వాత రావాలి" అన్న మాట అప్పుడు ఎవరికీ అందదు. రోగి అశ్రద్ధ అని దీనికి పేరు పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఈ చిక్కుకు పెద్ద యంత్రాలు, పెద్ద డాక్టర్లు అక్కర్లేదు. సూది వేయడానికి రెటీనా నిపుణుడు కావాలి. ప్రెజర్ కొలవడానికి శిక్షణ పొందిన ఆప్తాల్మిక్ ఆఫీసరు, ఒక టోనోమీటరు చాలు. గాలి ఊది కొలిచే పరికరమైతే కంటిని తాకనైనా తాకదు, నిమిషంలో పని అయిపోతుంది. ఆదోని ఏరియా ఆసుపత్రిలో, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒక పూట దీనికి కేటాయించి, 25 దాటిన ప్రతి కంటినీ కర్నూలుకు పంపే ఏర్పాటుంటే ఇక్కడ చెప్పిన కీడులో పెద్ద వాటా అక్కడే ఆగిపోతుంది. పిల్లలకు టీకాల కార్డు ఇస్తున్నట్టే సూది వేసినచోటే తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. ఏ కన్ను, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీ, సూదికి ముందు ప్రెజర్ ఎంత, కటకం సంచి బాగుందా లేదా, నాలుగో వారం, ఎనిమిదో వారం, పన్నెండో వారం ఏ ఏ తేదీలు. ఆరో నెల దాకా గడులు గీసి ఉంచాలి.

సుగ్గికి పోయే ఇల్లు బియ్యం, గిన్నెలు, రేషన్ కార్డు మూటగట్టుకునేటప్పుడు ఈ కార్డూ అందులో పడాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో కంటి విభాగముంది. అక్కడి ఓపీలో ఈ కార్డు చూపించి "కంట్లో స్టెరాయిడ్ వేసినారు, ప్రెజర్ చూడండి" అని అడిగితే చాలు. అంతకంటే వివరం ఆ మనిషి చెప్పక్కర్లేదు, మిగిలింది కార్డు మీద ఉంటుంది. కర్నూలులో సూది వేసే డాక్టరు రోగిని లేపి పంపే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా చూపు గురించి కాదు, రాబోయే మూడు నెలలు ఏ ఊళ్లో ఉంటారని.